హర్ట్ కంఫర్ట్ ఫిక్‌లలో మీకు ఏది నచ్చుతుంది, ఎక్కడ చదవడం ఆపేస్తారు?

మిరియాలచారు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఆర్‌ఆర్‌ఆర్ సినిమా 2022 మార్చిలో వచ్చింది. దాని ఫిక్‌లు, అంటే ఆ పాత్రలతో అభిమానులు రాసుకునే కథలు, నేను ఆ ఏడాది చివర్లో చదవడం మొదలుపెట్టాను. అప్పటినుంచి చదివినవాటిలో ముప్పాతిక వంతు హర్ట్ కంఫర్ట్ ట్యాగ్ ఉన్నవే. ఒకరికి దెబ్బ తగులుతుంది, లేదా జ్వరం వస్తుంది, లేదా మనసు విరుగుతుంది. ఇంకొకరు పక్కన కూర్చుని చూసుకుంటారు. ఇన్నిసార్లు ఇదే కథ చదివినా నాకు విసుగు రాలేదు. ఎందుకు రాలేదో ఈమధ్య బాగా ఆలోచించాను. మీతో మాట్లాడాలనిపించింది.

నాకు దెబ్బ తగిలే ఘట్టం అంత ముఖ్యం కాదు. దాని తర్వాత వచ్చే చిన్న చిన్న పనులే నాకు కథ. ఒక ఫిక్ చెప్తాను, పేరు వద్దులెండి. జైలు నుంచి తప్పించుకున్న తర్వాత అడవిలో రామ్ కాళ్ళు ఇంకా కదలవు. భీమ్ అతన్ని చెట్టుకు ఆనించి కూర్చోబెట్టి, ముద్ద కలిపి నోటి దగ్గర పెడతాడు. రామ్ తినడు. ‘నా చేతులకేం కాలేదు కదా’ అంటాడు. భీమ్ మారు మాట్లాడకుండా ఆకు అతని ఒళ్ళో పెడతాడు. రామ్ ముద్ద ఎత్తేసరికి చెయ్యి వణికి మెతుకులు పంచె మీద రాలతాయి. భీమ్ ఆ మెతుకులు ఒక్కొక్కటే ఏరి, మళ్ళీ ముద్ద కలుపుతాడు. ఈసారి రామ్ నోరు తెరుస్తాడు. అంతే, ఒకటిన్నర పేజీ. ఎవరూ ఏడవలేదు. నేను మాత్రం ఫోన్ బోర్లా పెట్టేసి కాసేపు అలాగే ఉండిపోయాను.

అప్పుడు నాకు అర్థమైంది. నేను చదివేది గాయం కోసం కాదు, సేవ కోసమూ పూర్తిగా కాదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపని మనిషి, తనను చూసుకోనిచ్చే ఆ ఒక్క క్షణం కోసం. అది రాసినవాళ్ళు ఎన్ని తప్పులు చేసినా క్షమించేస్తాను.

ఇక నచ్చనివి. దెబ్బ మీద దెబ్బ పేర్చుకుంటూ పోవడం నాకు పడదు. కొరడా దెబ్బలు, పైన జ్వరం, పైన చిన్నప్పటి పీడకల, పైన బులెట్. నాలుగో దెబ్బకి నాకు జాలి ఆగిపోతుంది. రెండోది, ఒక్క కౌగిలితో అన్నీ నయమైపోవడం. పదిహేను చాప్టర్లు ఏడిపించి, చివరి రెండు పేరాల్లో ‘నేనున్నాను కదా’ అనగానే మనిషి లేచి నవ్వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మూడోది అన్నిటికంటే పెద్దది, సినిమాలో భీమ్‌ని కొరడాతో కొట్టింది రామే కదా. ఆ కొట్టిన చేత్తోనే మందు రాయిస్తారు చాలామంది. రాయండి, నాకు చాలా ఇష్టమైన ఘట్టమే అది. కానీ క్షమాపణ ఎక్కడ? అది లేకుండా నేరుగా మందులోకి వెళ్ళిపోతే ఎలా?

మీ మాటేమిటి?

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10:15

మంచి చర్చ పెట్టారండి. నేను మీకు కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

నేను దెబ్బ కోసమే చదువుతాను. దాచుకోవడం ఎందుకు? పగలంతా ఆఫీసులో నవ్వుతూ ఉండాలి. ఇంట్లో పిల్లల ముందు గట్టిగా ఉండాలి. రాత్రి పదకొండుకి దుప్పటి కప్పుకుని ఒక ఫిక్ తెరిచి అరగంట ఏడిస్తే నాకు నిద్ర పడుతుంది. నా సొంత కష్టానికి నేను ఏడవలేను. ఏడిస్తే మళ్ళీ లేవలేనేమోనని భయం. భీమ్ కోసమైతే హాయిగా ఏడవగలను. కాబట్టి పదిహేను చాప్టర్ల ఏడుపుకి నాకు అభ్యంతరం లేదు. ఓదార్పు చివర్లో ఒక్క గుప్పెడు ఉన్నా నాకు చాలు.

ఒక్కటే కోరిక. ట్యాగ్ నిజం చెప్పాలి. హర్ట్ కంఫర్ట్ అని పెట్టి ఓదార్పే లేకుండా ముగిస్తే అది మోసం. హర్ట్ నో కంఫర్ట్ అని వేరే ట్యాగ్ ఉంది కదా, అది పెట్టండి. నాకు ఓపిక ఉన్న రోజు అదీ చదువుతాను. కిందటేడు ఒక ఫిక్‌ని వారం వారం ఎదురుచూసి చదివాను. చివరి చాప్టర్‌లో రామ్ చనిపోయాడు. ఎక్కడా హెచ్చరిక లేదు. మనం ఫిక్‌లు చదివే సైట్‌లో ముఖ్య పాత్ర మరణానికి ప్రత్యేకంగా హెచ్చరిక గడి ఉంటుంది. చెప్పడం ఇష్టం లేకపోతే ‘హెచ్చరికలు వాడదలచుకోలేదు’ అనే గడి కూడా ఉంటుంది. అదైనా నొక్కి ఉంటే నేను జాగ్రత్తపడేదాన్ని. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

నైట్‌డ్యూటీ | శనివారం, రాత్రి 11:52

నర్సుగా పదకొండేళ్ళు చేస్తున్నాను. ఇప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నాను, టీ టైమ్.

నాకు ఈ ఫిక్‌లు ప్రాణం. అందుకే తప్పులు చూస్తే బాధేస్తుంది. బాగా రాయగలిగినవాళ్ళే ఇవి చేస్తున్నారు.

స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తారు. దాదాపు ప్రతి ఫిక్‌లో ఉంటుంది. తల ఒళ్ళో పెట్టుకుని, గ్లాసు పెదాలకు ఆనించి, ప్రేమగా పోస్తారు. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయండి. మనిషికి మింగే తెలివి వచ్చేదాకా ఆగాలి. అంతవరకు తడిగుడ్డతో పెదాలు తుడవండి. నన్నడిగితే ఆ తుడవడమే ఎక్కువ హత్తుకుంటుంది.

రెండోది, 1920ల ఢిల్లీలో భీమ్‌కి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇప్పిస్తారు. పెన్సిలిన్‌ని కనిపెట్టిందే 1928లో. రోగులకు మందుగా అందింది 1940లలో. అంటే ఆ కాలంలో కొరడా గాయానికి చీము పడితే వేడినీళ్ళు, ఉప్పు, పసుపు, తేనె, దొరికితే అయోడిన్, దేవుడు. అంతే. ఇది తెలిస్తే కథ ఎంత భయంగా మారుతుందో చూడండి. మూడో రోజు జ్వరం వచ్చిందంటే పక్కనున్నవాడికి చెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండదు. కూర్చోవడమే. కంఫర్ట్ అంటే నాకు అదే గుర్తొస్తుంది.

మూడోది పాము. సినిమాలో కట్లపాము కరిస్తే భీమ్ పసరుతో బతికించాడు, సినిమా కాబట్టి సరే. కానీ ఫిక్‌లలో కట్ల పాము కాటుకి మనిషి నొప్పితో మెలికలు తిరిగిపోతాడు. కట్లపాము కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి కండరాలు పనిచేయవు. తెలివి ఉంటుంది, కళ్ళు తెరవలేడు. పక్కవాడు పిలుస్తుంటే వినపడుతుంది, పలకలేడు. ఇంతకంటే హర్ట్ ఏం కావాలి? బయట నిజంగా ఎవరినైనా పాము కరిస్తే మాత్రం పసరు జోలికి వెళ్ళకుండా నేరుగా యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

బెల్ కొడుతున్నారు. మళ్ళీ వస్తాను.

సన్నజాజి | ఆదివారం, ఉదయం 7:20

కొత్తగా చేరాను. వంప్ అంటే ఏమిటండీ? హర్ట్ కంఫర్ట్ కంటే వేరా?

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 7:34

వంప్ అంటే ఒక పాత్రను బాగా కష్టపెట్టడం మీదే కథ నడవడం అమ్మా. ఓదార్పు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. హర్ట్ కంఫర్ట్‌లో రెండో సగం ఉండి తీరాలి. ఆంగ్స్ట్ అంటే ఎక్కువగా మనసు బాధ. సిక్‌ఫిక్ అంటే జ్వరం, జలుబు లాంటివి. మొదట సిక్‌ఫిక్‌లతో మొదలుపెట్టండి, గుండెకి తేలిక.

కొలిమి | ఆదివారం, ఉదయం 9:05

మాది ఆదిలాబాద్ దిక్కు. నాకు నచ్చనిది ఒకటుంది, చాలారోజుల నుంచి చెప్పాలనుకుంటున్నా.

సినిమాలో పాత్రలు కల్పితమే, ఒప్పుకుంటా. అసలు మనుషులు ఇద్దరూ కలిసి స్వాతంత్ర్యం కోసం కొట్లాడింది లేదు. అల్లూరి సీతారామరాజును బ్రిటిష్‌వాళ్ళు 1924లో చంపేశారు. కొమురం భీమ్ పోరాడింది నిజాం సర్కారు మీద, జోడేఘాట్ దగ్గర ప్రాణం ఇచ్చింది 1940లో. ఆయన పేరు చెప్తే మా దగ్గర జల్, జంగల్, జమీన్ అనే మాట ముందుగాల గుర్తొస్తది. జోడేఘాట్‌ల ఏటా ఆయన వర్ధంతి చేస్తరు. అక్కడికి నేను మా తాతతోని పోయిన.

అట్లాంటి పేరు పెట్టుకున్న మనిషిని ఫిక్‌లలో పసిపిల్లాణ్ణి చేస్తుంటే నాకు కష్టంగా ఉంటది. దెబ్బ తగిలిన భీమ్ అనంగనే కండ్లు పెద్దవి చేసుకుని, ఏమీ తెల్వనట్టు, రామ్ చెయ్యి పట్టుకుని వణుకుతుంటడు. రామ్ చదువుకున్నోడు, పట్నం తెలిసినోడు, ఓదార్చేటోడు. భీమ్ అడివోడు, అమాయకుడు, ఓదార్పు పొందేటోడు. ఒకటి రెండు కథలల్ల అయితే సరే. వరుసగా అన్నిట్ల ఇట్లనే ఉంటే అది పాత్ర గురించి చెప్తలేదు, రాసేటోళ్ళ మనసుల గోండు మనిషి అంటే ఏందో చెప్తుంది. సినిమాల భీమ్ ఒక ఊరి కోసం ఢిల్లీ దాకా పోయినోడు. కొరడా దెబ్బలు తింటూ మోకాళ్ళు వంచనోడు.

ఇంకో దిక్కు కూడా ఉంది. భీమ్ ఏ ఆకు తెంపినా మంత్రం లెక్క పనిచేస్తది. ఆకు పేరు ఉండదు, నూరుడు ఉండదు, కట్టు ఉండదు. మా అమ్మమ్మకు పసరు తెలుసు. ఏ ఆకు ఏ పొద్దుకు తెంపాలె, ఎంత నూరాలె, ఏది పైన రాయాలె, ఏది లోపటికి ఇయ్యద్దు, అన్నీ లెక్కనే. అది చదువే కదా. దాన్ని చదువు లెక్క రాస్తే నాకు సంతోషం.

మిరియాలచారు | ఆదివారం, ఉదయం 9:48

కొలిమి గారూ, ఇది నేను ఎప్పుడూ ఇలా చూడలేదు. నేను ఇష్టపడ్డ వాటిలో కూడా ఇలాంటివి ఉన్నాయి. రాత్రి వెళ్ళి రెండు మళ్ళీ తెరిచి చూస్తాను.

పాతసంచికలు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఈ రకం కథ ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్పాలనిపించింది. ఇప్పటి పేచీలు కొన్ని అప్పటినుంచే ఉన్నాయి.

అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానులు 1967లో మొదటి ఫ్యాన్‌జీన్ తెచ్చారు. టైప్ చేసి, కాపీలు తీసి, పోస్టులో పంపుకునే పత్రికలు అవి. రాసినవాళ్ళు, చదివినవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళ కథల్లో మనసులో మాట చెప్పని మనిషి ఒకరు, ఆయన పక్కన స్నేహితుడు. మామూలుగా ఉన్నంతకాలం మనసు విప్పుకోరు. కాబట్టి కథలో ఒకరికి దెబ్బ తగలాలి. అప్పుడే రెండోవాడు ముట్టుకోగలడు, రాత్రంతా మేలుకుని ఉండగలడు. గాయం అనేది లోపలికి వెళ్ళడానికి తలుపు. మగవాళ్ళ మధ్య ప్రేమనో స్నేహాన్నో దగ్గరనుంచి చూపించడానికి ఆ ఆడవాళ్ళు దొరకబుచ్చుకున్న దారి అది. ఇంత బాధ ఎందుకు రాస్తున్నారని అప్పట్లోనూ వాళ్ళలో వాళ్ళకి గొడవలయ్యాయి.

ఇప్పుడు మనం చదువుకునే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ 2009లో అందరికీ తెరుచుకుంది. 2019లో దానికి, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అభిమానులు కట్టుకున్న గూడుకి అంత గౌరవం దక్కినందుకు ఆ రోజు నేను మా ఇంట్లో పాయసం చేశాను.

ఇంకొకటి. మనకు ఈ రుచి కొత్తదేం కాదు. లక్ష్మణుడు మూర్ఛపోతే రాముడు యుద్ధం వదిలేసి కూర్చుని ఏడ్చిన ఘట్టం మన ఊళ్ళలో ఎంత ఇష్టంగా వినేవారు! సంజీవని తెచ్చేదాకా ఆ రాత్రి గడవాలి కదా. మా నాయనమ్మ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. పద్నాలుగేళ్ళ నిద్ర తర్వాత మొగుడు ఎదురుగా వచ్చి నిలబడితే ఊర్మిళ గుర్తుపట్టదు, పరాయివాడనుకుని కసురుకుంటుంది. మా నాయనమ్మ ప్రతిసారీ అక్కడ గొంతు తగ్గించేది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు పువ్వులు కడుతూ కడుతూ ఆగిపోయేవాళ్ళు. యుద్ధంలో గెలుపు గురించి కాకుండా, ఇంట్లో మిగిలిపోయినవాళ్ళ బాధనూ దాని ఊరడింపునూ పట్టుకున్న పాటలవి.

సీతవైపు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఊర్మిళ మాట వచ్చింది కాబట్టి నేనూ వస్తున్నాను. నా పేరు చూస్తే నేనేం అడుగుతానో తెలిసిపోతుంది. సీత ఎక్కడండీ?

ఈ ఫిక్‌లలో సీత నీళ్ళు కాస్తుంది. గుడ్డలు చింపి ఇస్తుంది. తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ చూసి కన్నీళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతుంది. సినిమాలో భీమ్‌కి నిజం చెప్పింది ఆమె. ఆ నిజం తెలియబట్టే భీమ్ రామ్ కోసం వెనక్కి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి రామ్ కోసం ఎదురుచూసిన మనిషి, అతనికి ఉరిశిక్ష పడిందని తెలిసి బయలుదేరిన మనిషి. ఆమెకు దెబ్బ తగల్లేదా? ఆమెను ఎవరు ఓదార్చారు? నేను నాలుగేళ్ళలో చదివినవాటిలో సీతకి జ్వరం వచ్చిన ఫిక్‌లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒకదాంట్లో రామ్ ఆమె తలకి నూనె రాసి చిక్కులు తీస్తాడు. జుట్టు చిక్కు తియ్యడం రాక లాగితే ఆమె ‘కింద నుంచి తియ్యాలి’ అని నేర్పిస్తుంది. నేను ఆ పేజీని ఎన్నిసార్లు చదివానో.

మల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. అంత చిన్నపిల్లని తల్లి నుంచి లాక్కుపోయారు, కథ మొత్తం మొదలైందే ఆ పిల్లతో. పాపకు రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే ఎవరు పక్కన పడుకున్నారు? అది రాయండి ఎవరైనా.

దూరపుచుట్టం | ఆదివారం, రాత్రి 8:55

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇంగ్లిష్‌లో ఆర్‌ఆర్‌ఆర్ ఫిక్‌లు రాస్తాను. మీరంతా చెప్పినవాటిలో రెండు తప్పులు నేను చేశాను, అందుకే పొద్దుటినుంచి ఈ చర్చ వదలలేకపోతున్నాను.

సినిమా ఇక్కడ 2022 వేసవిలో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు తెలుగురాని వాళ్ళు చాలామంది చూశారు. వాళ్ళలో ఎంతోమంది రాయడం మొదలుపెట్టారు. వాళ్ళు రాసినదాంట్లో జ్వరం వస్తే చికెన్ సూప్ ఇస్తారు. నవ్వడానికి చెప్పడం లేదు, వాళ్ళకు ప్రేమ అంటే అదే గిన్నె. కానీ మనింట్లో జ్వరానికి జావ, మిరియాల చారు, మెత్తగా పిసికిన అన్నం, వేయించిన ఉప్పు మిరపకాయ. నేను ఒక విదేశీ రచయిత్రికి ఇది కామెంట్‌లో రాస్తే ఆమె ఎంత సంతోషించిందో. చారు ఎలా పెడతారు, చింతపండు ఎంత, పోపులో ఏం వేస్తారు, అన్నీ అడిగింది. తర్వాతి చాప్టర్‌లో భీమ్ చారు పెట్టాడు. వెల్లుల్లి చితక్కొట్టిన చప్పుడు కూడా రాసింది.

ఒక మాట కొత్తవాళ్ళకి. రెండు పేర్ల మధ్య స్లాష్ గీత ఉంటే ప్రేమకథ, యాంపర్‌సాండ్ గుర్తు ఉంటే స్నేహమో, అన్నదమ్ముల బంధమో. నాకు రెండూ ఇష్టమే. ఒకరి ఇష్టం ఇంకొకరికి తప్పుగా కనిపిస్తే ఆ గుర్తు చూసి పక్కకు తప్పుకుంటే సరిపోతుంది. కామెంట్లలో వచ్చి తిట్టడం మాత్రం వద్దు. నేను ఒక రాత్రి తిట్లు చదివి మూడు నెలలు రాయడం మానేశాను.

మిరియాలచారు గారు అడిగిన క్షమాపణ గురించి. నేను రాస్తున్న ఫిక్ సరిగ్గా ఆ రాత్రిదే. కొరడా దెబ్బల తర్వాత జైలు గదిలో భీమ్ గాయాలు ఎవరు కడిగారో సినిమా చూపించదు. నేను రామ్‌ని పంపించాను. మందు రాయించాను. భీమ్ చేత ‘నాకు తెలుసన్నా’ అనిపించేశాను. ఇప్పుడు చదువుకుంటే నాకే నచ్చడం లేదు. అప్పటికి భీమ్‌కి ఏమీ తెలియదు కదా. రామ్ పోలీసుల్లో ఎందుకు చేరాడో, ఊళ్ళో ప్రతి చేతికీ తుపాకీ ఇస్తానని తండ్రికి ఇచ్చిన మాట గురించి, ఏదీ తెలియదు. అతనికి తెలిసిందల్లా అన్నా అని పిలిచినవాడు కొట్టాడన్నదే.

మిరియాలచారు | ఆదివారం, రాత్రి 9:30

అదేనండీ నేను అడుగుతున్నది. ఆ గదిలో రామ్‌కి మందు రాసే హక్కు ఉందా? నాకు ఉందో లేదో తెలియని స్థితిలోనే ఆ ఘట్టం నడవాలి. భీమ్ వద్దు అంటే రామ్ గిన్నె కింద పెట్టి వెళ్ళిపోవాలి. వద్దు అన్నా మందు రాస్తే అది సేవ కాదు, తన పాపం కడుక్కోవడం.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 9:47

ఇక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఓదార్పు ఎవరి కోసం అన్నది చాలా ఫిక్‌లలో తారుమారవుతుంది. భీమ్ వీపు చీలిపోయి పడి ఉంటాడు, రామ్ ఏడుస్తాడు, చివరికి భీమ్ లేచి రామ్‌ని ఓదారుస్తాడు! నాకు అది చదవగానే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దెబ్బ తిన్నవాడి దగ్గరే మళ్ళీ తీసుకుంటున్నారు.

వేకువ | ఆదివారం, రాత్రి 11:18

నేను మామూలుగా రాయను, చదివి వెళ్ళిపోతాను. ఇవాళ రాస్తాను.

మా నాన్నకి పక్షవాతం వచ్చి రెండేళ్ళు మంచంలో ఉన్నారు. చూసుకున్నది నేను. ఆ రెండేళ్ళూ నేను ఈ ఫిక్‌లే చదివాను. రాత్రి రెండుకి ఒకసారి, నాలుగున్నరకి ఒకసారి ఆయన్ని పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. రెండుకీ నాలుగున్నరకీ మధ్య పడుకుంటే లేవలేనని కుర్చీలో కూర్చుని చదివేదాన్ని.

నాకు నచ్చనిది ఒక్కటే. ఈ కథల్లో చూసుకునేవాళ్ళు అలసిపోరు. మూడు రాత్రులు నిద్ర లేకపోయినా రామ్ మెల్లగానే మాట్లాడతాడు. ఒక రోజు నాన్న నోట్లో పెట్టిన ఇడ్లీ ఉమ్మేశారు, మూడోసారి. నేను కంచం గట్టిగా గట్టు మీద పెట్టాను. స్టీలు కంచం కదా, ఇల్లంతా మోగింది. ఆయన నావైపు చూశారు. మాట రాదు ఆయనకి. ఎడం చేత్తో దుప్పటి అంచు పట్టుకుని నలిపారు. నేను బయటికి వెళ్ళి, మొక్కలకు నీళ్ళు పోసి, లోపలికి వచ్చి, ఇడ్లీ సాంబారులో మెత్తగా కలిపి మళ్ళీ పెట్టాను. తిన్నారు.

ఆ కంచం మోగిన చప్పుడు నాకు ఏ ఫిక్‌లోనూ కనపడలేదు. రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే అది రాయమని అడుగుతున్నాను. చూసుకునేవాడికి కోపం వస్తుంది. కోపం వచ్చినా తిరిగి లోపలికి వస్తాడు. నాకు అక్కడ ఓదార్పు దొరికేది.

ఇంకొక సంగతి. ఫిక్‌లలో అందరూ నయమైపోతారు. మా నాన్న నయం కాలేదు. నయం కాకపోయినా ఓదార్పు ఉండే కథలు కావాలి నాకు. ట్యాగ్ ఏం పెట్టాలో తెలియదు.

నైట్‌డ్యూటీ | సోమవారం, ఉదయం 6:15

వేకువ గారూ, మీరు రాత్రికి రెండుసార్లు లేచి ఆయన్ని పక్కకు తిప్పారంటే ఆయన చర్మం మీ చేతుల్లో ఎంత భద్రంగా ఉందో నాకు తెలుసు. జీతం తీసుకునే మేమే ఒక్కోసారి ఆలస్యం చేస్తాం. ఒకసారి నేను పనిచేసిన చోట మనుషులు చాలక ఒక పెద్దాయనకి వీపు పుండు పడింది. నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మాకూ కోపం వస్తుంది. కారిడార్‌లోకి వెళ్ళి గోడకు ఆనుకుని పది లెక్కపెట్టి వస్తాం.

కొలిమి | సోమవారం, ఉదయం 8:02

వేకువ గారూ, చదివిన. మా అమ్మకు కూడ చూపిస్త.

దూరపుచుట్టం | సోమవారం, ఉదయం 8:40

నిన్న రాత్రి నుంచి ఆ చాప్టర్ తెరిచి కూర్చున్నాను. నైట్‌డ్యూటీ గారూ, ఒక సాయం కావాలి. కొరడా దెబ్బలు తగిలి నాలుగైదు గంటలైంది. వేసుకున్న బట్ట రక్తంతో వీపుకి అతుక్కుపోయింది. అది ఎలా తీస్తారు? నేను రాసినదాంట్లో రామ్ ఒక్క లాగుతో తీసేశాడు, భీమ్ పళ్ళు బిగబట్టాడు.

నైట్‌డ్యూటీ | సోమవారం, ఉదయం 9:10

లాగకూడదు. లాగితే అప్పుడే గట్టిపడుతున్న గాయం మళ్ళీ తెరుచుకుని రక్తం కారుతుంది.

మనిషిని బోర్లా పడుకోబెట్టాలి. తల ఒక పక్కకి, ఊపిరి ఆడేలా. కాచి చల్లార్చిన నీళ్ళలో కాస్త ఉప్పు వేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు గుడ్డ ముంచి, అతుక్కున్న చోట మీద పరిచి వదిలెయ్యాలి. నీళ్ళు పిండొద్దు, రుద్దొద్దు. ఐదు నిమిషాలో పదినిమిషాలో ఆగాలి. బట్ట నానుతుంది. అప్పుడు అంచు నుంచి వెంట్రుక మందం చొప్పున లేపాలి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఆగి మళ్ళీ తడపాలి. వీపు మొత్తానికి గంట పైనే పడుతుంది. చాలా రక్తం పోయి ఉంటే మనిషికి చలి పుడుతుంది, దాహం వేస్తుంది. గాయం లేని చోట, కాళ్ళ మీద దుప్పటి కప్పాలి. నీళ్ళు కొంచెం కొంచెం, తెలివి ఉంటేనే.

మీ కథకి పనికొచ్చే మాట ఒకటి. ఆ గంటలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బోర్లా పడుకున్నవాడికి నేల కనపడుతుంది, కడిగేవాడికి వీపు కనపడుతుంది.

దూరపుచుట్టం | సోమవారం, ఉదయం 9:26

ఒక్క లాగుని గంట చేస్తాను. భీమ్ ‘నాకు తెలుసన్నా’ అనడు, తీసేశాను. అసలు అన్నా అనే పిలుపే ఆ రాత్రి రాదు. రామ్ గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి అడుగుతాడు. భీమ్ చాలాసేపు మాట్లాడడు. తర్వాత తల అటువైపు తిప్పుకుంటాడు, వద్దని మాత్రం అనడు. అక్కడినుంచి రాస్తాను. శుక్రవారానికి పెడతాను, ముందు కొలిమి గారు ఒకసారి చదివి పెడతారా?

కొలిమి | సోమవారం, ఉదయం 9:41

పంపండి. పసరు ఏమన్న రాస్తే అమ్మమ్మను అడిగి చెప్త.